నాలుగో గదిలో సున్నా

నేను ఒక కంప్యూటర్ని. పేరున్న కంపెనీ సంతానం కాదు. గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడమీది కొట్టులో, గాజు బల్ల మీద, ఎక్కడెక్కడి దేశాల ముక్కలన్నీ ఒకచోట చేర్చి, నోట్లో స్క్రూడ్రైవర్ కరిచిపట్టుకున్న ఒక పెద్దమనిషి నన్ను బిగించాడు. బిగించాక రెండు స్క్రూలు మిగిలాయి. వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇయ్యి లేకపోయినా నడుస్తదిలే" అని జేబులో వేసుకున్నాడు.

నడిచాను. ఒక మనిషి నాకు కాస్త దూరంలో ఊపిరి అందక కొట్టుకుంటున్నప్పుడు కూడా చక్కగా నడుస్తూనే ఉన్నాను. ఆ సమయంలో నా తెర మీద అంతా ఆకుపచ్చగా ఉంది.

అక్కడికి వస్తాను. ముందు నాలో ప్రాణం పోసిన సంగతి చెప్పాలి. అది ఒక పెద్ద కంపెనీ అమ్ముకునే ఆపరేటింగ్ సిస్టమ్. కొట్టాయన దాన్ని కొనలేదు. ఊళ్ళో సగం కంప్యూటర్లకు ఎక్కించిన సీడీనే నాకూ ఎక్కించాడు. ఆ సీడీ మీద నల్ల స్కెచ్ పెన్నుతో "ఒరిజినల్" అని రాసి ఉంది.

మొదట ఒక నెట్ సెంటర్‌లో ఉన్నాను. ఇంటర్ ఫలితాలు వచ్చినరోజు నా ముందు ఏడ్చినవాళ్ళను, ఎగిరినవాళ్ళను చూశాను. తర్వాత జనం చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి, నెట్ సెంటర్ మూతపడింది. సుదర్శనరావు అనే ఆయన నన్ను కారు డిక్కీలో వేసుకుని ఊరి బయటకు, మిర్చి యార్డు దాటాక ఉన్న తన కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్ళాడు. అక్కడ ప్యానెల్ గదిలో, అద్దాల కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టారు. కిటికీలోంచి చూస్తే పొడుగాటి నడవా, దాని చివర నాలుగో గది తలుపు కనిపించేవి.

మిర్చి కోల్డ్ స్టోరేజీ లోపలికి మీరెప్పుడైనా వెళ్ళారా? బయట మే నెల ఎండ మాడుస్తుంటే లోపల వణుకు పుడుతుంది. ఒక్కో గది మూడంతస్తుల ఎత్తు. మధ్యమధ్య చెక్క పలకల అంతస్తులు. వాటి మీద వరసలు వరసలుగా మిర్చి బస్తాలు, ఇక్కడివాళ్ళ మాటలో టిక్కీలు. పైకప్పు కింద మెలికలు తిరిగిన ఇనప గొట్టాలు. ఆ గొట్టాల్లో అమ్మోనియా పారుతుంది. గొట్టంలో ఉన్నంతసేపు అది చెప్పిన పని చేస్తుంది. బయటికొస్తే కళ్ళను, గొంతును కాల్చేస్తుంది. గాలికంటే తేలిక కాబట్టి కిందికి దిగదు. పై అంతస్తులో ఎవరుంటే ముందు వాళ్ళను పట్టుకుంటుంది.

వాసన వస్తుంది కదా, పరుగెత్తవచ్చు కదా అంటారేమో. పాలో పండ్లో దాచేచోట అయితే మీరన్నది నిజం. ఇది మిర్చి. ఆ ఆవరణలో గాలే ఘాటు. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి ఆఫీసులో గుమాస్తా వరకు అందరూ దగ్గుతూనే మాట్లాడతారు, కళ్ళు తుడుచుకుంటూనే నవ్వుతారు. కొత్తగా వచ్చినవాడు తుమ్మితే "అలవాటయిద్దిలే" అంటారు. అలవాటవుతుంది కూడా. అంటే ముక్కు చచ్చిపోతుంది.

ఆ ఆవరణ మొత్తానికి పనిచేసే ముక్కు ఒక్కటే ఉండేది. అది నాది.

ప్రతి గదిలో పైకప్పు దగ్గర ఒక చిన్న సెన్సర్ ఉండేది. వాటి తీగలు గోడ వెంట వచ్చి, ఒకే కేబుల్‌గా కలిసి, నా వీపులోని ఒక కార్డుకు తగిలేవి. గాలిలో అమ్మోనియా ఎంత ఉందో ఆ కార్డుకు తెలుసు. కానీ దాని భాష దానిది. ఆ భాషను నాకు చెప్పే చిన్న ప్రోగ్రామ్‌ను డ్రైవర్ అంటారు. అది పాత సిస్టమ్‌లో ఉండేది. దాని వల్ల గదుల పేర్ల పక్కన అంకెలు కనిపించేవి. అంకె పెరిగితే గోడ మీది హారన్ మోగేది.

అది చాలాసార్లు ఉత్తినే మోగేది. లారీ పొగ వచ్చినా మోగేది, గదులు కడిగినా మోగేది. దానితో ఎక్కువ వేగినవాడు ఏసోబు. ప్లాంట్ ఆపరేటరు. కంప్రెసర్లు ఆడించడం, గదుల చలి చూడటం, వాల్వులు తిప్పడం అతని పని. అతని భార్య సువార్త అక్కడే ఆడకూలీల ముఠాకు పెద్ద. తొడిమలు తీయడం, రంగు వెలిసిన తాలుకాయ ఏరడం, గదుల్లో రాలిన కాయ ఊడ్చి ఎత్తడం వాళ్ళ పని. మధ్యాహ్నం ఇద్దరూ ప్యానెల్ గదిలోనే క్యారియర్ విప్పేవాళ్ళు. ఒకరోజు ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా హారన్ మోగింది.

"ఏవయ్యా, నీ కంప్యూటరు నాకంటే ఎక్కువ అరుస్తందే" అంది సువార్త.

"నిన్నైతే ఆపలేను గానీ దీన్ని ఆపుతా చూడు" అని ఏసోబు లేచి, కంప్రెసర్ తుడిచే గుడ్డను హారన్ గొట్టంలో కుక్కాడు.

"ఆ గుడ్డేదో మా అత్త నోట్లో పెట్టకపోయావా ఇన్నాళ్ళూ?"

ఇద్దరూ పొలమారేలా నవ్వారు. సాయంత్రానికి సుదర్శనరావు చూసి, తిట్టి, గుడ్డ తీయించాడు. ఆయన మంచివాడే. మనుషుల మీద కంటే కాయ రంగు మీద కొంచెం ఎక్కువ బెంగ, అంతే.

ఆ ఏడు సీజన్ మంచి ఊపులో ఉండగా నాకు జబ్బు చేసింది. దొంగ కాపీకి కంపెనీ అప్‌డేట్లనే మందులు పంపదు కదా. ఎన్నాళ్ళనుంచో నా తలుపులన్నీ బార్లా తెరిచే ఉన్నాయి. ఎవడో, ఏ దేశంలో కూర్చున్నాడో, లోపలికి వచ్చాడు. చప్పుడు లేకుండా ఫైలు తర్వాత ఫైలుకు తాళం వేసుకుంటూ పోయాడు. అంతా అయ్యాక తెర ఎర్రగా మారింది. తాళం తీయాలంటే సొమ్ము పంపమని ఇంగ్లీషులో ఒక బెదిరింపు. గదుల చలి కనిపించదు, గ్యాస్ కనిపించదు. ఏసోబు టార్చి పట్టుకుని గది గదికీ తిరిగి, గోడల మీది థర్మామీటర్లు చూసి రావాల్సి వచ్చింది.

అప్పుడు వచ్చింది పర్వీన్. అరండల్‌పేటలో కంప్యూటర్ల సర్వీసు షాపు ఆవిడది. మెడలో ఒక స్కార్ఫు, భుజానికి ఒక బరువైన సంచి. నన్ను చూడగానే నవ్వింది.

"ఇది దొంగ కాపీ సార్. తాళం తీయడం కాదు, మొత్తం తుడిచెయ్యాల్సిందే."

"తుడిచి, మళ్ళీ అదే పెట్టమ్మా. ఆ సీడీ దొరుకుద్ది" అన్నాడు సుదర్శనరావు.

"మళ్ళీ అదే దొంగతనమా? వచ్చే నెల మళ్ళీ ఇంకోడు వస్తాడు."

"పోనీ అసలుదే కొందాం."

"కొన్నా లాభంలేదు సార్. కంపెనీ కొత్త సిస్టమ్ ఈ ముసలి మెషిన్ మీద ఎక్కదు. మీరు మెషిన్ కూడా మార్చాలి, దానికి మీ సెన్సర్లు కలపాలి. సీజన్ మధ్యలో అయ్యే పని కాదు." సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసింది. "లినక్స్ అనే సిస్టమ్ పెడదాం. ఇది ఎవరి సొత్తూ కాదు. ఇందులో దాపరికం లేదు. ఏ ప్రోగ్రామ్ ఎట్లా రాశారో తెరిచి చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు."

"రేటు?"

"ఫ్రీ సార్. నా కష్టానికి ఇస్తే చాలు."

"ఫ్రీగా ఇచ్చేవాడు ఏదో ఒకటి దాచుకునే ఇస్తాడమ్మా."

"ఇందులో దాచడానికే వీల్లేదు సార్. అదే దాని గొప్ప."

చదువుకోవచ్చు అన్న మాట నాకు బాగా గుర్తుండిపోయింది. అందరూ చదువుకోవచ్చు. ఆ గదిలో ఉన్నవాళ్ళలో ఎవరు చదివారు?

తుడిచే ముందు ఆమె ఏసోబును అడిగింది. "ఇందులో మీకు కావాల్సినవి ఏమన్నా ఉన్నాయా? తర్వాత అడిగితే రావు." ఏసోబు తల గోక్కున్నాడు. "రెండు సినిమాలు ఉండాలి మేడమ్. అయ్యి పోయినయ్యా?" పోయాయని చెబితే నిజంగా బాధపడ్డాడు. కార్డు భాష చెప్పే ఆ చిన్న డ్రైవర్ గురించి ఎవరూ అడగలేదు. అది అక్కడుందని ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళు నోరెత్తకుండా పనిచేసినవాళ్ళ గతి అంతే.

పర్వీన్ మీటనొక్కింది. నాలో ఉన్నదంతా అంచులనుంచి చెరిగిపోతూ వచ్చింది. మరి నీకు ఇదంతా ఎలా గుర్తుంది అని అడగకండి. సున్నం వేసినంత మాత్రాన గోడలు విన్నది మరచిపోతాయా?

కొత్త ప్రాణం తేలిగ్గా ఉంది. ముసలి ఎముకలకు పరుగు వచ్చింది. పర్వీన్ చాలా నేర్పరి. చలి కొలిచే సెన్సర్ల భాష లోకమంతటికీ తెలిసినదే కావడంతో, అందరికీ తెరిచి ఉన్న ఒక ప్రోగ్రామ్ తీసుకుని, తనకు కావలసినట్టు మార్చి, గదుల చలి అంకెలన్నీ తెలుగు అక్షరాల పక్కన చక్కగా పేర్చింది. తర్వాత నా వీపు వైపు వంగి, ఆ కేబుల్ పట్టుకుంది.

"ఇదేంది ఏసోబు గారూ?"

"గ్యాస్‌ది మేడమ్. ఎక్కువైతే హారన్ మోగుద్ది."

"దీని సీడీ ఉందా?"

"పెట్టినాయన పెట్టి పోయాడు. ఆ కంపెనీయే ఎత్తేశారంట."

కార్డు ఉందని కొత్త సిస్టమ్ గుర్తుపట్టింది. పేరు కూడా చూపించింది. పర్వీన్ తృప్తిపడింది. దానికీ చలి సెన్సర్ల భాషే వచ్చుననుకుని, గది గదికీ ఒక గడి గీసింది. ఏ గడికైనా జవాబు రాకపోతే తెర ఖాళీగా వికారంగా ఉంటుందని, అక్కడ సున్నా వెయ్యమని రాసింది. ప్రోగ్రాములు రాసేవాళ్ళందరూ చేసే పనే. చెయ్యి అలవాటుగా రాసేసింది.

గ్యాస్ గడులన్నింటిలోనూ సున్నాలు వచ్చాయి. ఆకుపచ్చగా.

"ఇది సరిగ్గానే చూపిస్తుందా?" అంది ఆమె.

"గ్యాస్ లేకపోతే సున్నానే గదా మేడమ్ ఉండాల్సింది."

"ఒకసారి గదిలో కొంచెం గ్యాస్ వదిలి చూద్దామా?"

ఏసోబు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "వామ్మో! నిండు సీజన్లో గదిలో అమ్మోనియా వదిలితే కాయ రంగు పోద్ది. ఓనరుగారు నన్ను ఆ గొట్టానికే వేలాడేస్తాడు."

అది నిజమే. గ్యాస్ తగిలితే ఎర్రటి కాయ నల్లబారుతుంది. రంగు పోయిన కాయను యార్డులో ఎవరూ ముట్టరు. "సరే, సీజన్ అయ్యాక చూద్దాం" అంది పర్వీన్. సంచి సర్దుకుంది.

ఆమె వెళ్ళిపోయాక నాకు తెలిసింది. కార్డు మాట్లాడుతోంది. కేబుల్ గుండా, నా వీపు గుండా, చిన్న చిన్న తుళ్ళింతలుగా ఏదో చెబుతూనే ఉంది. నాకు ఒక్క ముక్క అర్థం కావడంలేదు. అర్థంకాని ప్రతిసారీ నేను సున్నా వేస్తున్నాను.

తర్వాతి రోజులంత హాయిగా ఆ ప్యానెల్ గది ఎన్నడూ లేదు. హారన్ మోగదు. లారీలు వచ్చినా మోగదు, గదులు కడిగినా మోగదు. ఏసోబు కుర్చీలో కునుకు తీయడం నేర్చుకున్నాడు. సుదర్శనరావు వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి, "ఆ దిక్కుమాలిన సిస్టమ్ పీకేసిన కాణ్ణుంచి ప్రాణం సుఖంగా ఉందయ్యా" అనేవాడు. సువార్త మాత్రం ఒకసారి క్యారియర్ విప్పుతూ హారన్ వైపు చూసి, "ఏందిది, మూగదయిందా?" అంది.

"బాగుపడింది" అన్నాడు ఏసోబు.

"బాగుపడితే అసలు అరవకపోవడం ఏంది? నువ్వు బాగుపడ్డాక కూడా అరుస్తానే ఉన్నావుగా."

ఏసోబు నవ్వాడు. నవ్వుతూనే ఒకసారి నా తెర వైపు చూశాడు. ఆ చూపు ఒక్క క్షణం ఎక్కువసేపు ఆగింది. తర్వాత పచ్చడి కలుపుకున్నాడు.

అప్పటికే నాలుగో గదిలో, పైకప్పు కింద, ఒక గొట్టం మెలిక తిరిగిన చోట, తుప్పు ఇనుమును తినేస్తోంది.

అది తెగింది పట్టపగలు, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు. సువార్త ముఠా ఆరోజు నాలుగో గదిలో ఉంది. పై అంతస్తులో టిక్కీలు దించేశారు. రాలిన కాయ ఊడ్చి ఎత్తడానికి నలుగురు ఆడవాళ్ళు నిచ్చెనెక్కి పైకి వెళ్ళారు. చలి పోకుండా తలుపు మూసి ఉంది. ముఖాలకు గుడ్డలు కట్టుకున్నారు. ఊడ్చేకొద్దీ మిర్చి దుమ్ము లేచింది. దగ్గారు. రోజూ దగ్గేదే.

కార్డు నుంచి వచ్చే తుళ్ళింతలు ఒక్కసారిగా వేగం అందుకున్నాయి. భాష తెలియకపోయినా అరుపు అరుపే కదా. నేను సున్నా వేశాను.

కాసేపటికి సువార్త కిందికి దిగి, తలుపు తీసుకుని, నడవా వెంట ప్యానెల్ గది దాకా వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గుడ్డ కిందికి లాగి చెప్పింది.

"ఏవయ్యా, ఇయాల ఘాటు తేడాగా ఉంది. గొంతులో సూదులు గుచ్చినట్టుంది. గ్యాసేమో చూడు."

ఏసోబు నా వైపు తిరిగాడు. నాలుగో గది. సున్నా. ఆకుపచ్చ.

"గ్యాస్ లేదే. సున్నా ఉంది చూడు."

"మంగాయమ్మకి కళ్ళు తెరుచుకోవటంలా."

"తేజా రకం కాయ గదా, ఘాటు అట్టాగే ఉంటది. నీళ్ళు కొట్టుకోమను. సాయంత్రం లోడు ఎత్తాలి, గది ఖాళీ కాకపోతే ఓనరుగారు నన్ను తింటాడు. పో."

"నువ్వొచ్చి ఒకసారి వాసన చూడొచ్చుగా?"

"నా ముక్కుకి ఏం తెలుసుద్దే? దానికి తెలుసుద్ది" అని నా మీద చెయ్యి వేశాడు.

ఆమె నన్ను చూసింది. నమ్మదగినదాన్ని చూసినట్టే చూసింది. గుడ్డ పైకి లాక్కుని వెనక్కి వెళ్ళింది. అద్దంలోంచి నేను ఆమె వీపును తలుపు మూసుకునేదాకా చూశాను.

కొద్దిసేపటికే బయట కారు ఆగింది. సుదర్శనరావు, ఆయన వెనక చెన్నకేశవులు అనే మరో కోల్డ్ స్టోరేజీ యజమాని, వాళ్ళ వెనక పర్వీన్. చెన్నకేశవులు తన దగ్గర కూడా ఇదే పెట్టించాలనుకుంటున్నాడు. ముందు కళ్ళారా చూడాలన్నాడు.

"చూడు కేశవులూ, ఇదీ మా బండి. ముసలిదే గానీ మంచి హుషారు." సుదర్శనరావు తెర మీద వేలు పెట్టాడు. "ఇది చలి. ఇది గ్యాస్. పర్వీనమ్మ పెట్టిన కాణ్ణుంచి గ్యాస్ ఒక్క పాయింటు కూడా రాలా. ఎప్పుడు చూసినా సున్నా."

పర్వీన్ నవ్వబోయి ఆగింది. "ఎప్పుడు చూసినానా?"

"ఎప్పుడు చూసినా!"

"ఒక్కసారి కూడా ఒకటో రెండో అయి, మళ్ళీ తగ్గడం..."

"లేదమ్మా. ఎందుకట్టా అడుగుతున్నావు?"

ఆమె ఏసోబు ముఖం చూసింది. ఏసోబు నేల చూశాడు. ఆమె నా వెనక్కి వంగి, గ్యాస్ కేబుల్ పట్టుకుని, గట్టిగా లాగేసింది. కేబుల్ ఆమె చేతిలోకి వచ్చింది.

అందరూ తెర వైపు చూశారు. సున్నాలన్నీ అలాగే ఉన్నాయి. ఆకుపచ్చగా.

"తీగ ఊడదీశావు కదమ్మా" అన్నాడు చెన్నకేశవులు. "అయినా చూపిస్తందే?"

"ఇది ఏమీ చూడట్లేదు సార్." ఆమె కేబుల్ పైకెత్తి చూపించింది. "మొదట్నుంచీ ఏమీ చూడట్లేదు."

కుర్చీ తిరగబడిన చప్పుడైంది. ఏసోబు అప్పటికే నడవాలో ఉన్నాడు.

నాలుగో గది తలుపు తెరుచుకుంది. ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతూ బయటికొచ్చారు. వాళ్ళ వెనక మంగాయమ్మ, రెండు చేతులతో గోడ తడుముకుంటూ. ముగ్గురే. "సువార్త వదిన మమ్మల్ని తోసేసింది... నిచ్చెన మీదికి తోసేసింది" అని ఒకామె అరుస్తోంది. ప్లాంట్‌లో గ్యాస్ ముసుగు ఉంది. అద్దాల బీరువాలో భద్రంగా ఉంది. పోతుందేమోనని బీరువాకు తాళం వేశారు. తాళంచెవి సుదర్శనరావు కారులో ఉంది.

ఏసోబు దాని కోసం ఆగలేదు. వాల్వు చక్రం గిరగిరా తిప్పి కట్టేశాడు. గోనెపట్టా నీళ్ళ తొట్టిలో ముంచి తలకు చుట్టుకుని లోపలికి వెళ్ళాడు. నేను అద్దంలోంచి తలుపు కేసి చూస్తున్నాను. తలుపు అంచుల్లోంచి తెల్లటి పొగలాంటిది పైకి పాకుతోంది. సుదర్శనరావు తాళంచెవి కోసం పరుగెత్తాడు. పర్వీన్ ఇంకా ఆ కేబుల్ పట్టుకునే నిలబడింది.

ఏసోబు బయటికి వచ్చినప్పుడు భుజం మీద సువార్త ఉంది. తల వెనక్కి వాలిపోయి ఉంది. నేల మీద పడుకోబెట్టి ముఖం మీద నీళ్ళు పోస్తూ, అతను ఒకే మాట అంటున్నాడు. "నేనే పొమ్మన్నా. నేనే పొమ్మన్నా."

నా తెర మీద నాలుగో గది సున్నా చూపిస్తూనే ఉంది.

సువార్త బతికింది. వెంటనే నీళ్ళు పోయడం వల్ల చూపు పోలేదు. గొంతు కాలిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె నోరు తెరిస్తే గాలి మాత్రమే వచ్చేది, సన్నని ఈలలాగా.

అధికారులు వచ్చారు, ఫోటోలు తీశారు, వెళ్ళారు. ఆ తర్వాత ప్యానెల్ గదిలో జరిగిన మాటలు నేను విన్నాను.

"ఆ ఫ్రీ సిస్టమ్ తెచ్చి నా కొంప ముంచావమ్మా" అన్నాడు సుదర్శనరావు.

"సిస్టమ్ ముంచలేదు సార్. జవాబు రాకపోతే సున్నా వెయ్యమని రాసింది నేను. అది తెరిచే ఉంది. ఎవరైనా చదవొచ్చు. నేనే మళ్ళీ చదవలా."

"నాకు తెలుసు మేడమ్" అన్నాడు ఏసోబు మెల్లగా. అందరూ అతని వైపు తిరిగారు. "పాతదాంట్లో ఎప్పుడూ సున్నా లేదు. మూడో నాలుగో అట్టా కదులుతా ఉండేది. ప్లాంట్ పాతది గదా, కొంచెం వస్తానే ఉంటది. కొత్తదాంట్లో కదలటంలా అని మొదటిరోజే చూశా. మోగకుండా ఉంది గదా అని ఊరుకున్నా."

బయట ఎవరో దగ్గారు. అందరూ ఉలిక్కిపడ్డారు.

సుదర్శనరావు కొత్త మెషిన్, కొత్త సెన్సర్లు కొన్నాడు. నన్ను పాత ఇనుముకు వేస్తానంటే పర్వీన్ తనకిమ్మని అడిగింది. కార్డుతో సహా షాపుకు తీసుకెళ్ళింది. ఒక సెన్సర్ తగిలించి, అమ్మోనియా సీసా మూత తీసి, దాని ముందు పెట్టి, కార్డు మాటను ఒక్కో తుళ్ళింతగా వినడం మొదలుపెట్టింది. ఆ కంపెనీ లేదు, ఆ భాష చెప్పేవాళ్ళు లేరు. ఎక్కడో తెలియని ఊళ్ళనుంచి, ముఖం చూడని మనుషులు తాము కనిపెట్టిన ముక్కలు ఆమెకు పంపారు. వాళ్ళలో ఒకరికి కూడా గుంటూరు ఎక్కడుందో తెలియదు. ఎందుకు చేశారో నాకు ఇప్పటికీ అర్థంకాదు. మనుషులు కొన్నిసార్లు ఇలాంటి పనులు కూడా చేస్తారు.

ఒకరోజు కార్డు మాట నాకు అర్థమైంది. చెవిటివాడికి ఒక్కసారిగా వీధి వినబడినట్టు. పర్వీన్ కేబుల్ లాగింది. ఈసారి నా తెర ఎర్రబడి, సున్నా ఉండాల్సిన చోట "తెలియదు" అని చూపించింది. హారన్ చెవులు పగిలేలా మోగింది. ఆమె దాన్ని ఆపకుండా చాలాసేపు వింటూ కూర్చుంది.

సరిదిద్దిన ప్రోగ్రామ్‌ను అందరికీ తెరిచిపెట్టి, సుదర్శనరావుకు ఫోన్ చేసింది. అప్పుడు ఆయన ఒక మాట చెప్పాడు.

"నువ్వు మొదట పెట్టింది నేను మావాళ్ళకి ఇచ్చానమ్మా."

"ఎవరికి సార్?"

"అసోసియేషన్ మీటింగులో, మనకిది జరగకముందే. మోగకుండా బాగుందంటే అడిగారు. ఎవరికైనా ఇవ్వొచ్చు అన్నావు గదా. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చా. వాళ్ళూ వాళ్ళ చుట్టాలకి ఇచ్చుకున్నారు."

"ఎంతమంది ఉంటారు?"

"ఏమోనమ్మా. ఫ్రీనే గదా అని..."

దొంగ కాపీ అయితే దాచుకుంటారు. ఇది చేతి నుంచి చేతికి పోతుంది, దాచే పనే లేదు.

అప్పటినుంచి పర్వీన్ స్కూటర్ మీద తిరుగుతోంది. వెనక సీటు మీద సువార్త. పిలవలేదు, తనే వచ్చి ఎక్కింది. సత్తెనపల్లి వైపు, చిలకలూరిపేట వైపు, మిర్చి దాచే ప్రతి చోటికీ వెళుతున్నారు. పర్వీన్ చెప్పబోతే యజమానులు సీజన్ అంటారు, తీరిక లేదంటారు, మా దగ్గర అంతా బాగుందంటారు. అప్పుడు సువార్త తిన్నగా ప్యానెల్ దగ్గరకు వెళ్ళి కేబుల్ లాగుతుందట. తెర మీద సున్నా అలాగే ఉంటే, వాళ్ళ వైపు తిరిగి నోరు తెరుస్తుందట. ఆ ఈల విన్నాక ఎవరూ వాదించరని పర్వీన్ ఎవరితోనో చెబుతుంటే విన్నాను.

నేను షాపులో, మూల బల్ల మీద ఉంటున్నాను. ఎవరైనా వచ్చి సరిచేసిన కాపీ అడిగితే నాలోంచే తీసిస్తారు. అడిగేవాళ్ళు తక్కువ.

ఇవాళ ఇద్దరూ బయలుదేరబోతుండగా షాపు ఫోన్ మోగింది. పర్వీన్ సంచి సర్దుకుంటూ స్పీకర్ నొక్కింది. ఎవరో మగమనిషి. గొంతు చాలా మర్యాదగా ఉంది.

"మేడమ్, మీరేదో మార్చాలని ఊళ్ళు తిరుగుతున్నారంట. మా దాకా రాబాకండి, లోడింగ్ నడుస్తంది. మాకు ఏ ఇబ్బందీ లేదు. పెట్టిన కాణ్ణుంచి ఒక్కసారి కూడా మోగలా."

సువార్త చేతిలో స్కూటర్ తాళాలు ఆగిపోయాయి.

"మీది ఏ ఊరండీ?" అంది పర్వీన్.

ఆయన వినిపించుకోలేదు. ఫోన్ పక్కకు పెట్టి ఎవరినో కేకేస్తున్నాడు. "ఏందిరా ఆ దగ్గులు? గుడ్డలు కట్టుకోమని చెప్పు!" అతని వెనక ఎక్కడో మూసిన గదిలోంచి దగ్గు వినిపిస్తోంది. ఒకరిది కాదు. ఇద్దరు, ముగ్గురు, ఇంకా ఎక్కువమంది.

"సార్! ఏ ఊరు సార్ మీది? వాళ్ళను బయటికి రమ్మనండి! సార్!"

"ఏం లేదు మేడమ్, మిర్చి ఘాటు" అన్నాడాయన నవ్వుతూ. ఫోన్ పెట్టేశాడు.

పర్వీన్ అదే నంబరుకు మళ్ళీ మళ్ళీ చేస్తోంది. అవతల మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు.